జారుడు మూత బిగిస్తే గ్రీజు మందు కాదు

సంపాదకులకు నమస్కారములు.

అయ్యా,

ఇంగ్లండు కాలువల మీద తిరిగే సన్నని పొడవాటి పడవల, అంటే నారోబోట్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. సెలవుల్లో పడవ అద్దెకు తీసుకుని నాలుగు రోజులు నీళ్ళ మీద గడపదలచిన తెలుగు కుటుంబాలకూ, నాలాగా పడవనే ఇల్లు చేసుకున్నవాళ్ళకూ పనికొచ్చే సంగతులు అందులో చాలానే ఉన్నాయి. అయితే వ్యాసం చివర్లో, పడవ వెనుక భాగంలో పైకప్పు మీద ఉండే జారుడు మూత బిగుసుకుంటే పట్టాలకు కాస్త గ్రీజు పూస్తే సరిపోతుందన్న వాక్యం ఒకటి ఉంది. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం. అదే సలహా నేను డబ్బిచ్చి మరీ కొనుక్కున్నాను, దాని ఫలితం ఒక శీతకాలమంతా అనుభవించాను. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నందుకు మన్నించగలరు.

నేను గోదావరి పశ్చిమ డెల్టాలో కాలవగట్టు మీది ఊళ్ళో పుట్టినవాణ్ణి. బతుకుతెరువుకు యంత్రాల ఫిట్టరుగా ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఆరేళ్ళుగా మా ఆవిడా నేనూ నార్తాంప్టన్‌షైర్‌లో గ్రాండ్ యూనియన్ కాలువ మీద 57 అడుగుల పాత పడవలో ఉంటున్నాము. కాలువ మట్టం మారే చోట పడవను నీటితో ఎక్కించి దించే లాకులంటే మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటే కాబట్టి ఇక్కడి కాలువ మాకు పూర్తిగా పరాయిదనిపించలేదు. కాకపోతే మన లాకుల ముందు ఇక్కడి సన్న కాలువల లాకులు పిల్లల ఆటబొమ్మల్లా ఉంటాయి. 1766లో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ పని మొదలుపెట్టినప్పుడు లాకుల వెడల్పును సుమారు ఏడు అడుగులకు పరిమితం చేశాడు. ఆ కొలతకు లోబడే నేటికీ నారోబోటు వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు దాటదు. పడవలో ప్రతి అంగుళానికీ లెక్క ఉండటానికీ, వెనక గుమ్మానికి మామూలు ఇంటి తలుపు సరిపోకపోవడానికీ కారణం ఈ ఇరుకే.

ఈ మూత ఎలా ఉంటుందో చూడనివారి కోసం రెండు మాటలు. పడవ వెనక భాగంలో చుక్కాని పట్టే మనిషి నిలబడే చోటి నుంచి గదిలోకి దిగడానికి మూడు నాలుగు మెట్లుంటాయి. గది పైకప్పు ఎత్తు తక్కువ కాబట్టి, రెండు చిన్న తలుపులు తెరిచినా తల తగలకుండా దిగాలంటే, ఆ మెట్ల మీద ఉన్న పైకప్పు ముక్క ముందుకు జరగాలి. ఆ ముక్కే జారుడు మూత. పాతకాలపు సరుకు పడవల్లో మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గదిలో కుటుంబమంతా కాపురం చేసేది. పడవ నడిపే మనిషి ఈ మూత ముందుకు తోసి, నడుము దాకా గదిలోనూ నడుము పైన ఎండా వానల్లోనూ నిలబడి, కాళ్ళకు పొయ్యి వెచ్చదనం తగులుతుండగా రోజంతా చుక్కాని పట్టేవాడు. బొగ్గు మోసే ఆఖరి పెద్ద బేరాలు 1970లో ఆగిపోయాయి. ఆ పాత పడవల మీద గదీ కొయ్యే, మూతా కొయ్యే. ఇప్పటి పడవలు ఉక్కువి. సాధారణంగా అడుగు 10 మి.మీ., పక్కలు 6 మి.మీ., గది గోడలూ కప్పూ 4 మి.మీ. రేకుతో కడతారు.

ఇక్కడే మొదటి చిక్కు. 4 మి.మీ. ఉక్కు రేకు చదరపు మీటరుకు 31 కిలోల పైచిలుకు తూగుతుంది. మా పడవ మూత 75 సెంటీమీటర్ల పొడవు, 85 సెంటీమీటర్ల వెడల్పు. రేకు ఒక్కటే 20 కిలోలు, వంచిన అంచులూ లోపలి చెక్క తొడుగూ కలిపితే పాతిక కిలోలకు తగ్గదు. ఒక బియ్యం బస్తాను రెండు ఇనుప పట్టాల మీద పెట్టి, రోజుకు పది పన్నెండు సార్లు ముందుకూ వెనక్కూ లాగుతున్నామన్నమాట. పైకప్పు మీద పొడుగునా రెండు ఉక్కు పట్టాలు వెల్డు చేసి ఉంటాయి. మూత అంచులు కిందికి వంగి ఆ పట్టాలను బయటి నుంచి కప్పుకుంటాయి. గాలికి లేచిపోకుండా మూత లోపలి వైపు చిన్న నాలుక ఒకటి పట్టా పెదవి కిందికి దూరి ఉంటుంది. కొత్తగా కట్టినప్పుడు మూతకూ పట్టాకూ మధ్య మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో సందు వదులుతారు. ఆ సందు ఉన్నంతకాలం మూత జారుతుంది, అది పోయిన రోజు బిగుస్తుంది. గ్రీజు పూసినంత మాత్రాన ఆ సందు పెరగదు.

మేము పడవ కొన్న మొదటి ఏడే మూత గట్టిపడింది. పడవలు బాగుచేసే ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే, వాళ్ళు మూత విప్పకుండానే పట్టాల వెంట చిక్కటి గ్రీజు దట్టించి, అరగంట కూలీ తీసుకుని పంపించారు. నిజం చెప్పాలంటే ఆ వేసవి అంతా వెన్న మీద జారినట్టు జారింది, నేనూ సంతోషించాను. ముప్ఫై ఏళ్ళు యంత్రాల దగ్గర గడిపిన వాణ్ణి, ఆరుబయట ఉన్న పట్టా మీద గ్రీజు నిలిస్తే ఏమవుతుందో నాకు తట్టకపోవడం ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది. కాలువ గట్టున గడ్డి కోసినప్పుడల్లా తరుగు వచ్చి కప్పు మీద పడుతుంది. విల్లో చెట్ల ఆకులూ పుప్పొడీ రాలతాయి. చలికాలంలో మన పొయ్యి గొట్టం నుంచే బొగ్గు మసి, సన్న బూడిద వచ్చి వెనక్కు వాలుతాయి. ఇవన్నీ ఆ గ్రీజుకు అంటుకుని నవంబరు నాటికి నల్లటి ముద్ద తయారైంది. వేలితో తీసి రుద్ది చూస్తే వాల్వులు నూరే పేస్టులా గరగరలాడింది. మూత జరిగిన ప్రతిసారీ ఆ ముద్ద రంగును నూరి, రంగు పోయిన చోట ఉక్కును నూరి, అక్కడ తుప్పుకు దారి వేసింది.

ఆ శీతకాలం గడిచి మరుసటి వసంతంలో మేము బ్లిస్‌వర్త్ సొరంగం దాటుతున్నాము. 1805లో తెరిచిన ఈ సొరంగం పొడవు 2,813 మీటర్లు. మా పడవ నడకకు ముప్పావుగంట పడుతుంది. గాలి కోసం పైనుంచి తవ్విన బావుల కింద ఏ కాలంలోనైనా నీళ్ళు ధారగా కారుతుంటాయి. మా పడవలో నడిపేవాడు బయట మెట్టు మీద నిలబడతాడు కాబట్టి, సొరంగం ముందు మూత వేసేస్తే గది పొడిగా ఉంటుంది. ఆ రోజు మూత సగం దాకా వచ్చి ఆగింది. మా ఆవిడ లోపలి నుంచి లాగింది, నేను ఒక చేత్తో చుక్కాని పట్టుకుని రెండో చేత్తో తోశాను. కదలలేదు. మెట్ల పక్కనే కరెంటు స్విచ్చుల పలక ఉంది. మొదటి బావి కింద పడ్డ నీళ్ళు నా మెడ మీదుగా వెళ్ళి మెట్ల మీద పడ్డాయి. మా ఆవిడ అన్నం వార్చే గిన్నె మూతా, ఒక తువ్వాలూ అడ్డుపెట్టి ఆ పలకను కాపాడింది. సొరంగం బయటికి వచ్చాక ఆవిడ నాతో అన్నది ఒక్కటే మాట: "ఊరందరి యంత్రాలూ బాగుచేశారు."

ఆ సాయంత్రమే పడవ కట్టేసి చూడటం మొదలుపెట్టాను. బిగుసుకున్న మూతకు మందు వేసేముందు అది ఎక్కడ పట్టుకుంటున్నదో కనిపెట్టాలి. ఇందుకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఇండియాకు వెళ్ళేటప్పుడు పెట్టెలు తూచుకునే కొక్కెం కాటా ప్రతి తెలుగువారి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని మూత పిడికి తగిలించి నెమ్మదిగా లాగుతూ, ఎన్ని కిలోల దగ్గర కదిలిందో పట్టా మీద సుద్దముక్కతో రాసుకుంటూ పోయాను. మొదట్లో 12 కిలోలు, మధ్యకు వచ్చేసరికి 19, ఆ తర్వాత మళ్ళీ 13. అంటే దోషం పట్టా పొడుగునా ఒకేలా లేదు, మధ్యలో ఒక జానెడు మేర గట్టిగా ఉంది. అప్పుడు మూతను ముందుకు తోసి, పట్టాల కొసన ఉన్న అడ్డు మరలు విప్పి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని దాన్ని బయటికి తీశాము. పక్క పడవ పెద్దాయన సాయం పట్టకపోతే నా నడుము మిగిలేది కాదు. ఈ పని ఒంటరిగా చేయవద్దని మీ పాఠకులకు గట్టిగా చెబుతున్నాను. పాతిక కిలోల పదునంచు రేకు కాలువలో పడితే పోయేది డబ్బే, కాలి మీద పడితే వేళ్ళే పోతాయి.

విప్పాక మూడు దోషాలు కనిపించాయి. మొదటిది మధ్యలో పట్టా కింద పుట్టిన తుప్పు. ఇనుము తుప్పుగా మారితే తానున్న చోటు కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. వెల్డు అతుకు వదిలిన సన్న సందులో నీరు నిలిచి, లోపల తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, ఆ బలమైన పట్టానే మిల్లీమీటరు మేర పక్కకు నెట్టింది. పడవలకు రంగులు వేయడం మీదున్న మోజు రెండో దోషం. మాకు ముందున్న యజమానులు రెండు మూడేళ్ళకోసారి పాత రంగు గీకకుండా కొత్త రంగు వేస్తూ వచ్చారు. ఎండిన పూత ఒక్కొక్కటి సుమారు 0.04 మి.మీ. మందం అనుకుంటే ఎనిమిది పూతలకు 0.32 మి.మీ. మూత అంచులు రెండు, పట్టా పక్కలు రెండు, మొత్తం నాలుగు ముఖాలకు కలిపితే 1.28 మి.మీ. రెండు మిల్లీమీటర్ల సందుతో కట్టిన మూతకు మిగిలింది ముప్పాతిక మిల్లీమీటరు కూడా కాదు. దానిలో తుప్పు, దాని మీద గ్రీజు ముద్ద.

మూడో దోషం నాది, అంటే మూతను తోసే పద్ధతిది. మన ఊళ్ళలో కొయ్య బీరువాల అడుగున ఉండే వెడల్పాటి సొరుగు గుర్తుచేసుకోండి. రెండు పిడులూ పట్టుకుని లాగితే వస్తుంది. ఒక పిడి పట్టుకుని లాగితే ఆ మూల ముందుకు వచ్చి రెండో మూల వెనకబడి, సొరుగు ఏటవాలుగా తిరిగి ఇరుక్కుంటుంది. అప్పుడు ఎంత బలంగా లాగితే అంత గట్టిగా బిగుస్తుంది. దుకాణం షట్టరును ఒక కొసన పట్టి ఎత్తినవాడికీ ఈ సంగతి తెలుసు. పడవ మూత పొడవు కంటే వెడల్పు ఎక్కువ, కాబట్టి దానిది సరిగ్గా ఆ సొరుగు గుణమే. చుక్కాని ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో మూత కుడి మూల పట్టి తోయడం నాకు అలవాటైపోయింది. కుడి పట్టా ముందు భాగమూ, ఎడమ పట్టా వెనక భాగమూ మాత్రమే అరిగి మెరుస్తున్నాయి. ఆ మెరుపులు చూడగానే నా తప్పు నాకు అద్దంలో కనబడినట్టయింది. అద్దె పడవల్లో మూత మీద పిడి ఒక మూలకు బిగించి ఉంటే, అది ఎంత అందంగా ఉన్నా, ఆ పడవ యజమానికి సొరుగు సంగతి తెలియదని నేను నిస్సంకోచంగా అంటాను.

బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజంతా శుభ్రం చేయడమే. గ్రీజును గుడ్డతోనూ, వైట్ స్పిరిట్ అనే ద్రావకంతోనూ పూర్తిగా తీసివేయాలి. జిడ్డు ఏ కొంచెం మిగిలినా తర్వాత వేసే రంగు నిలవదు. తుప్పు పొరలను ఉలితోనూ, వైరు బ్రష్షుతోనూ రాల్చాను. గ్రైండరు వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. దాని నిప్పురవ్వలు చుట్టుపక్కల రంగులోకి దిగబడి వారం తిరిగేసరికి వందల తుప్పు చుక్కలవుతాయి. మన కప్పుతో పోతే సరే, పక్కవాడి పడవ మీద పడితే ఆ స్నేహం అక్కడితో సరి. పైగా కప్పు లోపలి వైపు చలి ఆగడానికి చల్లిన ఫోమ్ ఉంటుంది, వేడి తగిలితే అది అంటుకోగలదు. అందుకని తడి గోనెపట్టాలు పరచి, గ్యాసు కట్టేసి, కాస్త కాస్తగా పని చేశాను. వెల్డు చేయించవలసి వస్తే లోపలి చెక్కలు విప్పి ఫోమ్ వెనక్కు గీకి చేయించాలి తప్ప, పైనుంచి అంటించి పొమ్మనకూడదు.

ఉబ్బిన చోట పట్టాను సరిచేశాక, రెండు పట్టాల మధ్య దూరం మొదట్లోనూ, నడుమనూ, చివరనూ కొలిచాను. కర్ణాలు కూడా కొలిచాను, ఎందుకంటే పట్టాలు సమాంతరంగా ఉండి ఒకటి ముందుకు జరిగి ఉన్నా మూత వంకరగానే నడుస్తుంది. మిల్లీమీటరులో సగానికి మించి తేడా ఉంటే రంగు జోలికి పోకుండా ముందు ఆ తేడా తీర్చాలన్నది నా అభిప్రాయం. ఆ తర్వాత రెడ్ ఆక్సైడ్ ప్రైమరు రెండు పూతలు, పైన రంగు ఒకే పూత వేశాను. జారే ముఖాల మీద ప్రైమరు మీదే ఆపాను. అక్కడ నునుపైన రంగు వేసి మురిసిపోవలసిన పని లేదు, ఎవరికీ కనబడదు.

ఇక ఉక్కు మీద ఉక్కు జారకుండా మధ్యలో ఏం పెట్టాలన్నది అసలు ప్రశ్న. పొడి ఉక్కు మీద పొడి ఉక్కు జారడానికి దాని బరువులో సగానికి పైగా బలం కావాలి, గరుకెక్కితే ఇంకా ఎక్కువ. కొందరు పట్టాల మీద ఇత్తడి పట్టీలు బిగిస్తారు. చూడటానికి గుడి తలుపు గడపలా అందంగా ఉంటాయి, బాగానే జారుతాయి కూడా. కాకపోతే ఇత్తడీ ఉక్కూ కలిసి తడిలో ఉంటే ముందు తుప్పు పట్టేది ఉక్కుకే. మంచినీటి కాలువల్లో అది నెమ్మదిగా జరిగినా జరగడం ఖాయం. నైలాన్ పట్టీలు చవక, గట్టివి, అయితే నైలాన్ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. తరచూ వాన పడే దేశంలో, సందు లెక్క మిల్లీమీటర్లలో ఉన్న చోట, నీళ్ళు తాగే వస్తువును పెట్టడం నాకు నచ్చలేదు. ఎసిటాల్ అనే ప్లాస్టిక్ నీరు చాలా తక్కువ పీలుస్తుంది, అది మంచిదే. నేను చివరకు ఎంచుకున్నది అత్యధిక అణుభారం గల పాలిథిన్. యంత్రాల కన్వేయర్ల కింద అరగకుండా వేసే పట్టీలు దీనితోనే చేస్తారు కాబట్టి నాకు పాత చుట్టమే. నీళ్ళు దాదాపు పీల్చదు, తనంతట తనే నున్నగా ఉంటుంది. ఎండకు తట్టుకునేది నలుపు రకం, తెల్లది ఎండలో పెళుసెక్కుతుంది. పక్క పడవ పెద్దాయన మాత్రం కూరగాయలు తరుక్కునే తెల్ల ప్లాస్టిక్ పలక ఒకటి కొని, రంపంతో పట్టీలుగా కోసి బిగించుకున్నాడు. పాలిథిన్ జాతిదే అది కూడా. ఏడాదికోసారి మార్చుకోవడానికి ఇబ్బంది లేనివాళ్ళకు అంతకన్నా చవకైన మార్గం లేదు.

ఈ పట్టీలు బిగించడంలో తెలియక చేసే పొరపాట్లు రెండున్నాయి. పాలిథిన్‌కు మామూలు జిగురేదీ పట్టదు, మరలతోనే బిగించాలి. ఆ మరల తలలు పట్టీ లోపలికి మిల్లీమీటరు దిగి ఉండాలి, లేకపోతే పట్టీ కొంచెం అరగగానే అవే పైకి వచ్చి మూతను గీకుతాయి. రెండోది, ఈ ప్లాస్టిక్ వేడికి ఉక్కు కంటే పది రెట్లకు పైగా సాగుతుంది. ముదురు రంగు కప్పు వేసవి ఎండలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, జనవరి రాత్రి సున్నాకు కిందికి పోతుంది. అరవై డిగ్రీల తేడాకు మీటరు పట్టీ దాదాపు సెంటీమీటరు మారుతుంది. గట్టిగా బిగించిన పట్టీ పెరగడానికి చోటు లేక మధ్యలో అల లాగా లేస్తుంది, మూత మళ్ళీ ఆగుతుంది. అందుకని నడిమి మరకు మాత్రమే గుండ్రటి రంధ్రం వేసి, మిగిలిన వాటికి పొడవాటి గాడి వేసి, రెండు కొసలా చోటు వదలాలి. మూడు మిల్లీమీటర్ల పట్టీ వేస్తే మూత మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది కాబట్టి, పెదవి కింద ఉండే నాలుకకు ఆ మేరకు చోటుందో లేదో ముందే చూసుకోవాలి. మరలను పట్టా మీదనే బిగించాలి. కప్పు రేకుకు రంధ్రం వేస్తే వాన నేరుగా పడక మీదికే వస్తుంది.

మూత మళ్ళీ ఎక్కించి కాటా తగిలించాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగు కిలోలు. మా ఆవిడ చిటికెన వేలితో తోసి చూసింది, గిన్నె మూత సంగతి మాత్రం ఇంకా మరిచిపోలేదు.

నీటి దారి గురించి చెప్పకపోతే ఈ పని సగమే. పడవ కప్పు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండి నీళ్ళను రెండు పక్కలకూ పంపుతుంది. పొడుగునా వేసిన పట్టా ఆ నీళ్ళకు ఆనకట్టలా అడ్డుపడుతుంది. నీళ్ళు పోవడానికి పట్టా కింద వదిలిన చిన్న సందులు ఆకులతోనూ, రంగుతోనూ పూడుకుపోతే పట్టా లోపలి వైపు నీరు నిలిచి, తుప్పు కథ మొదటికి వస్తుంది. మా పడవలో ఈ సందులు రెండు రంగు కింద కనబడకుండా పూడిపోయి ఉన్నాయి. తుప్పు ఎందుకు ఆ జానెడు మేరే పుట్టిందో అవి దొరికాక గానీ అర్థం కాలేదు. ఇప్పుడు నెలకోసారి పాత పళ్ళ బ్రష్షుతో వాటిని దులుపుతున్నాను. నిలిచిన నీరు శీతకాలంలో గడ్డకట్టి మూతను పట్టాకు అంటించేస్తుంది కూడా. అలాంటి పొద్దున సుత్తితో కొట్టేవాళ్ళను చూశాను. గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డ రెండు నిమిషాలు ఆనిస్తే వదిలే మంచుకు అంత శిక్ష అక్కర్లేదు. మరగకాగిన నీళ్ళు పోస్తే అవే కాసేపటికి ఇంకో పొర మంచవుతాయి.

ఏదో ఒకటి పూయనిదే తృప్తి కలగదనుకునేవారు కొవ్వొత్తి ముక్క తీసుకుని శుభ్రమైన, పొడి పట్టా మీద రుద్దవచ్చు. మైనం దుమ్మును గ్రీజు పట్టినంతగా పట్టదు. టెఫ్లాన్ కలిపిన పొడి స్ప్రేలూ పనిచేస్తాయి. సిలికాన్ స్ప్రే జారుడుకు మంచిదే గానీ, అది ఎగిరి పడిన చోట రేపు రంగు వేస్తే పూత కళ్ళు కళ్ళుగా విడిపోతుంది. రంగులంటే ప్రాణమిచ్చే పడవల వాళ్ళ మధ్య దాన్ని వాడాలంటే ధైర్యం కావాలి.

పడవ అద్దెకు తీసుకునేవారికి వీటిలో చాలావరకు అక్కర్లేదు. వాళ్ళు చేయవలసింది తక్కువే. పడవ అప్పగించేటప్పుడే మూతను పూర్తిగా వేసి, పూర్తిగా తెరిచి చూపించమని అడగాలి. రెండు చేతులతో మధ్యలో పట్టుకుని తోయాలి, పిల్లల వేళ్ళు పట్టాల మీద లేకుండా చూడాలి, మూత మీద కూర్చోకూడదు. మరీ ముఖ్యంగా, లోపల మనుషులుండగా బయట తాళం వేయకూడదు. చాలా పడవలకు ముందొక గుమ్మం, వెనకొక గుమ్మం, అంతే. ముందు గదిలో పొయ్యి దగ్గర నిప్పు లేచిన రాత్రి మిగిలేది వెనక దారి ఒక్కటే. ఆ దారి మీద ఉన్నది ఈ పాతిక కిలోల మూత. బిగుసుకున్న మూతను సర్దుకుపోదగిన చిన్న అసౌకర్యంగా మీ వ్యాసం చూపడం నాకు నచ్చకపోవడానికి అసలు కారణం ఇదే. నిద్రలో లేచిన మనిషి పొగలో 19 కిలోల బలంతో, అదీ మూల పట్టుకోకుండా మధ్యలో పట్టుకుని లాగుతాడని ఎవరూ అనుకోలేరు.

కాబట్టి వీలైతే రాబోయే సంచికలో ఆ వాక్యాన్ని సవరించి, మూత బిగిస్తే ముందు విప్పి శుభ్రం చేయించమనీ, గ్రీజు పూయవద్దనీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వర్క్‌షాపు వాళ్ళు ఆనాడు బిల్లులో వేసి చేతికిచ్చిన గ్రీజు డబ్బా ఇంకా మా పడవలోనే ఉంది. ప్రొపెల్లరు ఇరుసు గొట్టంలోకి కాలువ నీరు రాకుండా ఉండటానికి, ప్రయాణం ముగిసిన ప్రతి సాయంత్రం అక్కడి మర ఒక చుట్టు తిప్పి గ్రీజు ఎక్కించాలి. ఆ పనికి అది ఇంకో రెండేళ్ళు వస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
గ్రాండ్ యూనియన్ కాలువ, నార్తాంప్టన్‌షైర్, ఇంగ్లండు